రాతి నేలలో నీళ్ల లెక్క – 5వ పాఠం: టేపు, సుద్దముక్క, మూడు శాతం

పోయిన పాఠంలోని ప్రశ్నకు ముందు జవాబు చెప్పుకుందాం. నల్లరాతి కట్టకు ఒక పక్క బావిలో నీళ్లు పైకి, మరో పక్క బావిలో బాగా లోతుకు ఎందుకున్నాయి? గ్రానైట్‌ను చీల్చుకుని నిలువుగా లేచిన ఆ డోలరైట్ కట్ట నేల లోపల ఆనకట్టలా నీటికి అడ్డుపడుతుంది కాబట్టి. కట్టే పగుళ్లు బారి ఉంటే మాత్రం అడ్డు తొలగినట్టే. అందుకే రాయి రంగు చూసి సరిపెట్టుకోవద్దని, పగుళ్లు కూడా చూడమని అప్పుడే చెప్పాను.

ఇప్పుడు కొలతకు వద్దాం. మన ఉదాహరణ యథాప్రకారం ఉమ్మడి అనంతపురం జిల్లా మెట్టనేలే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అడుగున గ్రానైట్, నైసు బండ. ఈ బండలో నీరు నిలిచే చోటు ప్రధానంగా ఒకటే: పైన శిథిలమైన మొరం పొర. దాని కింద పగుళ్లున్నా అవి నీటిని మోసే కాలువలే తప్ప నిలవ ఉంచే చెరువులు కావు. వెయ్యి అడుగుల బోర్ల గురించి మీరు వినే ఉంటారు. ఆ లోతులో పగులు దొరికినా దానిలోకి నీరు పైనుంచే దిగాలి. కొబ్బరికాయ అరచేతిలో నిలబెట్టి చోటు చూపించేవారు ఈ సంగతి మాత్రం చెప్పరు.

మొరం పొర మందం తెలుసుకోవడానికి యంత్రం అక్కరలేదు. బోరు గోడ కూలకుండా పెట్టే గొట్టం, అంటే కేసింగ్, ఎన్ని మీటర్లు దించారో అడగండి. గట్టి బండ తగిలేవరకే కేసింగ్ వేస్తారు కాబట్టి ఆ పొడవే ఇంచుమించు మొరం మందం. ఊళ్లో పది బోర్ల కేసింగ్ పొడవులు రాసుకుంటే చాలు, నేల కింది బండ ఎత్తుపల్లాలు మీ నోటుపుస్తకంలోకి వచ్చేస్తాయి.

నీటిమట్టం కొలవడానికి స్టీలు టేపు, సుద్దముక్క కావాలి. మోటారు లేని పాత బావినో, వాడకంలో లేని బోరునో ఎంచుకోండి. మోటారున్న బోరులో టేపు తీగలకు చుట్టుకుంటే ఆ రోజంతా దానికే సరి. టేపు చివరి మీటరుకు సుద్ద పూసి దించండి. బావి అంచు దగ్గర టేపు మీద 15.00 మీటర్లని ఉంది, పైకి లాగాక సుద్ద తడిసిన మేర 0.60 అనుకుందాం. తేడా 14.40. అంచు నేల నుంచి అర మీటరు ఎత్తుంటే అదీ తీసేయాలి. నీటిమట్టం నేలకు 13.90 మీటర్ల కింద ఉన్నట్టు.

ఎక్కువ మంది తప్పేది సమయం దగ్గర. పక్క పొలంలో మోటారు నడుస్తుంటే మీ బావిలోనూ మట్టం దిగుతుంది. చుట్టూ మోటార్లు ఆగి కొన్ని గంటలు గడిచాకే కొలవండి. ఏడాదికి కనీసం రెండు కొలతలు కావాలి: మే చివర ఒకటి, ఈశాన్య రుతుపవనాల వానలు కూడా పడ్డాక నవంబరులో ఒకటి.

మేలో 13.90 ఉన్న మట్టం నవంబరుకు 11.90కి వచ్చిందనుకోండి. రెండు మీటర్లు పెరిగింది! ఒక హెక్టారుకు 20,000 ఘనపు మీటర్లు కదా అని సంబరపడకండి. అది తడిసిన మొరం పరిమాణం, నీటిది కాదు. బంకమట్టి తక్కువగా ఉన్న మొరం తన పరిమాణంలో సుమారు 3 శాతం నీటినే వదులుతుంది. అంటే 600 ఘనపు మీటర్లు, ఆరు లక్షల లీటర్లు. బంకమట్టి ఎక్కువైతే అందులో సగమే.

ఈ లెక్కను మరో దారిలో సరిచూడవచ్చు. ఇలాంటి నేలలో వాననీటిలో ఇంకేది సుమారు 11 శాతమని భూగర్భజల అంచనాల్లో తీసుకుంటారు. 550 మిల్లీమీటర్లలో 11 శాతం దాదాపు 60 మిల్లీమీటర్లు, హెక్టారుకు మళ్లీ 600 ఘనపు మీటర్లే. వానాకాలంలో తోడిన నీరుంటే దాన్ని మొదటి లెక్కకు కలపాలి, లేకపోతే రెండూ పొసగవు.

ఇక వరి సంగతి. హెక్టారు వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు పెట్టారనుకుంటే 12,000 ఘనపు మీటర్లు. ఇరవై హెక్టార్లలో ఇంకిన వాన ఒక్క హెక్టారు మడిలోకి వెళ్తుంది. పెట్టిన నీటిలో సగం మళ్లీ ఇంకుతుందని ఉదారంగా అనుకున్నా పది హెక్టార్లు. పక్కవాడి వాన మన మడిలో పారుతోందన్నమాట. అతనూ వరే వేస్తే ఏమవుతుందో మీరే లెక్క వేసి చూడండి.

తాడిపత్రి వైపు సున్నపురాతి నేలకు ఈ శాతాలు వాడకండి. అక్కడ నీరు రాతిని కరిగించి దారులు చేసుకుంటుంది. దగ్గర్లోని బెలుం గుహలు అలా పుట్టినవే. ఆ రాతికి వేరే పాఠం ఉంది.

వచ్చే పాఠానికి లెక్క: రెండు హెక్టార్ల పొలం, బంకమట్టి తక్కువున్న మొరం. మేలో నీటిమట్టం 18.40 మీటర్లు, నవంబరులో 16.90. బోరుకు కేసింగ్ 15 మీటర్లు. చేరిన నీరెంత? గుణించే ముందు కేసింగ్ పొడవు మరోసారి చూడండి.