లింకు నొక్కే ముందు – 4: చిరునామాను కుడి నుంచి చదవండి

పోయిన పాఠానికి వచ్చిన జవాబుల్లో చాలా మంది ఒకే మాట రాశారు: "చిరునామా పక్కన తాళం గుర్తు ఉంది కాబట్టి ఆ సైటును నమ్మవచ్చు." పాలకొల్లు దగ్గరి వరి రైతు ఒకరు, పీఎం కిసాన్ విడత ఆగిపోయిందంటూ వచ్చిన లింకును అలాగే నమ్మి ఆధార్ నంబరు ఇచ్చేశారు. అందుకే పాస్‌వర్డుల పాఠాన్ని వచ్చే వారానికి వాయిదా వేస్తున్నాను.

ఆ తాళం చెప్పేది చిరునామా మొదట్లో హెచ్‌టీటీపీఎస్ ఉందని మాత్రమే. అది ఉంటే మీ ఫోనుకూ ఆ సైటుకూ మధ్య వెళ్లే వివరాలను దారిలో ఎవరూ చదవలేరు, మార్చలేరు. అవతల ఉన్నది దొంగే అయితే అవి దొంగకే భద్రంగా చేరతాయి. హెచ్‌టీటీపీఎస్‌కు కావలసిన సర్టిఫికెట్లను లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015 నుంచి ఉచితంగా ఇస్తోంది. సైటు పేరు మీ చేతిలో ఉందని రుజువైతే చాలు, మీ గుణం ఎవరూ అడగరు. తాళాన్ని చూసి జనం మోసపోతున్నారనే క్రోమ్ బ్రౌజరు 2023లో ఆ బొమ్మను మార్చేసింది.

ఆ రైతుకు వచ్చిన లింకు ఇలాంటిది:

హెచ్‌టీటీపీఎస్://పీఎంకిసాన్.జీఓవీ.ఇన్.రైతుసాయం.టాప్/ఆధార్

మొదటి జంట గీతలను (//) వదిలేయండి. ఆ తర్వాత వచ్చే ఒంటి గీత (/) దగ్గర ఆగి, చుక్క చుక్కకూ వెనక్కి చదవండి. టాప్: ఇది .కామ్ లాంటి తోక. రైతుసాయం: ఇది ఆ తోకతో కొనుక్కున్న పేరు. యజమాని ఎవరో తేలిపోయింది. దానికి ఎడమన ఉన్నదంతా అతను తన ఇష్టప్రకారం తగిలించుకున్నదే. ఉత్తరం మీద "అమలాపురం వీధి, తణుకు" అని ఉంటే అది తణుకుకే వెళుతుంది. ఒంటి గీతకు కుడివైపున పీఎంకిసాన్ అని ఉన్నా విలువ లేదు.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది అడ్డగీత (-). "పీఎంకిసాన్-జీఓవీ.ఇన్" ప్రభుత్వానిది కాదు. జీఓవీకి ముందు చుక్క లేదు, అడ్డగీత ఉంది. అలాంటి పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు. చుక్కతో వచ్చే ".జీఓవీ.ఇన్" మాత్రం ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. బ్యాంకులైతే 2025 అక్టోబరు 31లోగా ".బ్యాంక్.ఇన్"కు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

డబ్బు, ఆధార్ సంగతులకు నేను మెసేజీలోని లింకు అసలు నొక్కను, చిరునామా స్వయంగా టైపు చేస్తాను. ఏపీకే ఫైలు (ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు) వస్తే తెరవకుండా తీసేయండి. ఇప్పటికే డబ్బు పోయినవారు వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అభ్యాసం: మీ వాట్సాప్ గ్రూపుల నుంచి 20 లింకులు తీసుకోండి. ఏదీ తెరవకుండా, ఒక్కొక్కదాన్నీ నోటుపుస్తకంలో రాసి యజమాని పేరు కింద గీత గీయండి. తేలనివి ఉంటే ఆ పేజీ ఫొటో తీసి పంపండి, లింకు మాత్రం పంపకండి.