బడ్జెట్ పత్రాల్లో అప్పును చదవడం ఎలా?

బడ్జెట్ ప్రవేశపెట్టిన మర్నాడు పతాక శీర్షికల్లో కనిపించేది మొత్తం వ్యయం అంకె. ప్రభుత్వ ఆర్థిక స్థితి గురించి ఆ అంకె చెప్పేది చాలా తక్కువ. ఖర్చులో ఎంత భాగం అప్పు తెచ్చి పెడుతున్నారు, ఆ అప్పు దేనికి పోతోంది అనే రెండు ప్రశ్నలతో పత్రాలు తెరవడం మేలు.

ఉదాహరణకు 2025-26 కేంద్ర బడ్జెట్ అంచనాలను తీసుకుందాం. ‘బడ్జెట్ ఎట్ ఎ గ్లాన్స్’ అనే చిన్న పత్రం ఇందుకు సరిపోతుంది. మొత్తం వ్యయం రూ.50.65 లక్షల కోట్లు, అప్పులు కాకుండా వచ్చే రాబడి రూ.34.96 లక్షల కోట్లు. తేడా అయిన రూ.15.69 లక్షల కోట్లే ద్రవ్యలోటు; అది జీడీపీలో 4.4 శాతం. ఆ ఏడాది ప్రభుత్వం నికరంగా చేయదలచిన అప్పు దాదాపు ఇంతే.

తర్వాత రెవెన్యూ లోటు చూడాలి. జీతాలు, పింఛన్లు, సబ్సిడీలు, వడ్డీలు వంటి ఏటేటా తప్పని ఖర్చులకు పన్నులు, ఇతర రెవెన్యూ రాబడి చాలకపోతే ఏర్పడే లోటు అది. ఇక్కడ రూ.5.24 లక్షల కోట్లు, అంటే కొత్త అప్పులో సుమారు మూడో వంతు, కేంద్రం పేరిట ఏ ఆస్తినీ మిగల్చని ఖర్చులకే పోతుంది. నా దృష్టిలో పత్రం మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన వరుస ఇదే. రహదారి కోసం, రైలు మార్గం కోసం చేసిన అప్పు రేపటి ఆదాయాన్ని పెంచే అవకాశం ఉంది. వడ్డీ కట్టడానికి చేసిన అప్పుకు ఆ అవకాశం లేదు.

వడ్డీ చెల్లింపులకే రూ.12.76 లక్షల కోట్లు కావాలి. ఇది రెవెన్యూ రాబడిలో 37 శాతానికి పైగా ఉంది. ద్రవ్యలోటు నుంచి వడ్డీని తీసేస్తే మిగిలే రూ.2.93 లక్షల కోట్లను ప్రాథమిక లోటు అంటారు. ఇది తక్కువగా ఉండి, ఆర్థిక వ్యవస్థ వృద్ధి రేటు అప్పుపై వడ్డీ రేటును మించితే, అప్పు రూపాయల్లో పెరుగుతున్నా జీడీపీతో పోల్చినప్పుడు తగ్గుతూ పోవచ్చు.

పన్నుల లెక్కలో ఒక మెలిక ఉంది. కేంద్రం వసూలు చేసే స్థూల పన్నులు రూ.42.70 లక్షల కోట్లు కాగా, రాష్ట్రాలకు వెళ్లేది రూ.14.22 లక్షల కోట్లు. కేంద్ర, రాష్ట్రాల మధ్య పన్నుల పంపకాన్ని సిఫార్సు చేసే 15వ ఆర్థిక సంఘం 41 శాతం వాటా చెప్పినా వాస్తవంలో అది మూడో వంతుకే ఆగడానికి ప్రధాన కారణం, పన్నుపై అదనంగా వేసే సెస్సులూ సర్‌చార్జీలూ పంపిణీలోకి రాకపోవడం. 2025-26లో రాష్ట్రాలకు దక్కే ఆ మొత్తంలో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం, తెలంగాణ వాటా 2.102 శాతంగా ఉండేవి.

రాష్ట్ర బడ్జెట్‌ను కూడా ఇదే వరుసలో చదవవచ్చు, కానీ మరింత జాగ్రత్త అవసరం. 2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాలు సొంతంగా రేట్లు మార్చుకోగలిగినవి ప్రధానంగా పెట్రోలు, డీజిల్, మద్యం, రిజిస్ట్రేషన్లు, వాహన పన్ను వంటివే. కేంద్రానికి బకాయి ఉన్న రాష్ట్రం కొత్త అప్పు చేయాలంటే రాజ్యాంగంలోని 293(3) అధికరణం ప్రకారం కేంద్రం అనుమతి ఉండాలి. రాబడి పెంచుకోవడానికీ, అప్పు చేయడానికీ ఇలా హద్దులు ఉన్నాయి కాబట్టి ‘బడ్జెట్ అంచనాలు’ అనే గడిలోని పెద్ద అంకెలను నమ్మే ముందు, రెండేళ్ల కిందటి ‘వాస్తవ లెక్కలు’ గడిని నాటి అంచనాలతో పోల్చండి. భూముల అమ్మకం, కేంద్ర గ్రాంట్ల పద్దుల్లో తేడా ముఖ్యంగా చూడండి. ఏడాది మధ్యలోనైతే ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ ప్రచురించే నెలవారీ లెక్కలు పనికొస్తాయి.

బడ్జెట్ బయటి అప్పులను చివర్న విడిగా వెతకాలి. కాళేశ్వరం ఎత్తిపోతలకు ప్రత్యేక కార్పొరేషన్ పేరుతో రుణాలు తెచ్చినట్టే, ప్రభుత్వం హామీ ఇచ్చి సంస్థల చేత అప్పు చేయించవచ్చు. తీర్చేది ఖజానాయే అయినప్పుడు 2022-23 నుంచి అలాంటి అప్పును కేంద్రం రాష్ట్ర రుణ పరిమితిలోనే లెక్కిస్తోంది. ప్రభుత్వ హామీల పట్టికలో ఏ సంస్థ పేరు కనిపిస్తే, దానికి సొంత ఆదాయం ఉందా అని ఆరా తీయండి. లేకపోతే ఆ మొత్తాన్ని రాష్ట్ర అప్పుకు కలిపి చూడండి.