ఏపీ క్రెడిట్లు 31, కలిసొచ్చింది ఒక్క సెమిస్టర్

మా అమ్మాయి హైస్కూల్లో ఎనిమిది ఏపీ పరీక్షలు రాసింది. (ఫోన్లో అత్తయ్యగారు "అమెరికాలో కూడా ఏపీ ఉందా?" అన్నారు. ఇది అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ లెండి, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్షలు.) యూనివర్సిటీ వాటికి 31 క్రెడిట్లు ఇచ్చింది. డిగ్రీకి 120 కావాలి, సెమిస్టర్‌కి 15 చొప్పున చదివితే రెండు సెమిస్టర్ల ఫీజు తప్పినట్టే అని మావారూ నేనూ తెగ సంబరపడ్డాం. చివరికి తప్పింది ఒక్కటే.

ఓరియెంటేషన్ రోజు రాత్రి తన లాప్‌టాప్‌లో డిగ్రీ ఆడిట్, అంటే డిగ్రీకి ఏవి పూర్తయ్యాయో ఏవి మిగిలాయో చూపే పేజీ, తెరిచాం. కాలిక్యులస్ బీసీలో ఐదుకి 5 వచ్చింది కాబట్టి కాలిక్యులస్ 1, 2 కలిపి 8 క్రెడిట్లు, పక్కనే ఆకుపచ్చ టిక్. కంప్యూటర్ సైన్స్ ఏకి 4. ఇంగ్లిష్, హిస్టరీ, సైకాలజీలకు మూడేసి. అన్నీ కలిపి 21. పేజీ అట్టడుగున ‘జనరల్ ఎలెక్టివ్స్’ (ఐచ్ఛిక కోర్సులు) అని ఇంకో గడి ఉంది. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, హ్యూమన్ జాగ్రఫీ, స్టాటిస్టిక్స్ అందులో పడున్నాయి. ఆ 10 క్రెడిట్లకీ తన కంప్యూటర్ సైన్స్ డిగ్రీలో చోటే లేదు. స్టాటిస్టిక్స్ అయినా పనికొస్తుందనుకున్నాం, కానీ వాళ్లకి కాలిక్యులస్ మీద నడిచే ప్రాబబిలిటీ కోర్సే కావాలట. 120లో 21 పోతే 99. అంటే ఏడు సెమిస్టర్లు.

అందుకే ఏపీలు ఎంచుకునే ముందే పిల్లలు అనుకుంటున్న కాలేజీల ఏపీ క్రెడిట్ పట్టిక తెరవండి. ఎన్ని క్రెడిట్లు అన్నది కాదు, ఏ కోర్సు నంబర్ ఇస్తున్నారో చూడండి. ఆ నంబర్ డిగ్రీ ప్లాన్‌లో ఉంటేనే టైమ్ కలిసొస్తుంది. చాలా ప్రభుత్వ యూనివర్సిటీలు 3 స్కోరుకే క్రెడిట్ ఇస్తాయి, కొన్ని చోట్ల 4 లేదా 5 కావాలి. డార్ట్‌మత్, కాల్‌టెక్ లాంటివి డిగ్రీ లెక్కలోకి అసలు తీసుకోవు. మెడిసిన్ ఆలోచన ఉంటే ఇంకో చిక్కు: బయాలజీ, కెమిస్ట్రీలకు ఏపీ క్రెడిట్ చూపిస్తే కొన్ని మెడికల్ స్కూళ్లు ఒప్పుకోవు.

తర్వాత ఒక కాగితం మీద మేజర్ కోర్సుల గొలుసు గీయండి. డేటా స్ట్రక్చర్స్ అవ్వందే ఆల్గారిథమ్స్ ఇవ్వరు, అది అవ్వందే ఆ పైది ఇవ్వరు. గొలుసు ఏడు సెమిస్టర్లుంటే, చేతిలో 50 క్రెడిట్లున్నా ఆరింటిలో బయటపడలేరు. గొలుసులో మొదటి లింకుని తెంచే ఏపీ ఒక్కటి, పక్కవాటి నాలుగింటి పెట్టు.

డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌ది, అంటే హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సు చదవడానిది, వేరే కథ. అక్కడ వచ్చిన గ్రేడ్ కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది, సి వచ్చినా సరే. ఏపీలో తక్కువ స్కోరు వస్తే, దాన్ని కాలేజీకి పంపొద్దని ఆ పరీక్షలు పెట్టే కాలేజ్ బోర్డ్‌కి చెప్పొచ్చు. అన్నట్టు, జూన్ 20 లోపు కాలేజీ పేరు ఎంచుకుంటే కాలేజ్ బోర్డ్ ఒక కాలేజీకి స్కోర్లు ఉచితంగా పంపుతుంది. మేం మర్చిపోయి డబ్బు కట్టాం.

ఎలెక్టివ్స్‌లో పడ్డవి మరీ దండగ అనను. క్రెడిట్ల లెక్కలో సోఫోమోర్ (రెండో ఏడాది విద్యార్థిని) అయిపోయింది కాబట్టి రిజిస్ట్రేషన్‌లో ముందు వరస దొరికింది, కావాల్సిన సెక్షన్లు నిండిపోకముందే పట్టుకుంది.

క్రెడిట్ వచ్చింది కదా అని మొదటి సెమిస్టర్లోనే కాలిక్యులస్ 3లో చేరింది మాత్రం తొందరపాటే. మొదటి మిడ్‌టర్మ్‌లో 54. కాలిక్యులస్ 2లోని సిరీస్‌లు పూర్తిగా మర్చిపోయింది, రాత్రి ఫోన్ చేసి ఒకటే ఏడుపు. మీ పిల్లల్ని ఆగస్టులోనే ఆ యూనివర్సిటీ పాత కాలిక్యులస్ 2 ఫైనల్ ఒకటి టైమ్ పెట్టుకుని రాయమనండి. సగం కూడా రాకపోతే, క్రెడిట్ వదిలేసి ఆ కోర్సు మళ్లీ చదవడమే నయం.