పాత పామ్ కొంటే ముందు బ్యాకప్

పాత పామ్ (జేబులో పట్టే చేతి కంప్యూటర్) ఏది దొరికినా నేను ముందు ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) వెర్షన్ చూస్తాను. మెనూలో ఇన్ఫో, అందులో వెర్షన్ నొక్కితే చాలు.

1996 నాటి పైలట్ మొదలుకొని చాలా మోడళ్లలో డేటా అంతా ర్యామ్‌లోనే. ఛార్జి పూర్తిగా అయిపోతే నంబర్లు, నోట్సు అన్నీ గోవిందా! అందుకే ముందు హాట్‌సింక్ చేసి (అంటే డేటాను కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని), ఆ తర్వాతే సెల్స్ మార్చండి. పామ్ త్రీకి రెండు ట్రిపుల్ ఏ సెల్స్ కావాలి. కొత్తవి కవరు విప్పి పక్కన పెట్టుకున్నాకే పాతవి తీయండి, నిమిషంలోపు పెట్టేయాలి. 2004లో వచ్చిన పామ్ ఫోన్ ట్రియో 650కి ఈ టెన్షన్ లేదు, అందులో ఛార్జి పోయినా డేటా నిలిచే ఫ్లాష్ మెమరీ ఉంది.

ఓఎస్ 5తో ప్రాసెసర్ ఏఆర్ఎమ్ అనే వేరే రకానికి మారింది. పాత ప్రోగ్రాములు ఎమ్యులేషన్‌లో (పాత ప్రాసెసర్‌ను అనుకరిస్తూ) నడుస్తాయి కానీ కొన్ని గేములు మొరాయిస్తాయి. హ్యాంగైతే వెనక రీసెట్ రంధ్రంలో పేపర్ క్లిప్పు నొక్కండి. పవర్ బటన్ పట్టుకుని మాత్రం నొక్కొద్దు, అది డేటా చెరిపేసే రీసెట్.

స్క్రీన్ మీద పుల్లతో రాయడానికి పామ్ లిపి గ్రాఫిటీ: ‘ఎ’ అక్షరానికి మధ్య గీత పెట్టకండి.