బయటి గోడకు పెద్ద కంత: దరఖాస్తు ఆగేది పక్కవారి సంతకం దగ్గరే

హోటల్ వంటగది పొగకో, పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యానుకో బయటి ఇటుక గోడను రెండడుగుల మేర తొలిపించడం నెల్లూరు, ఒంగోలు వీధుల్లో మామూలే. దానికి ప్లాను మొత్తం మళ్లీ పాస్ చేయించాలని ఎవరైనా డబ్బు అడిగితే తొందరపడకండి. కిటికీ, తలుపు, వెంటిలేటర్ తెరవడానికి విడిగా అనుమతి అక్కర్లేదని 2016 జాతీయ భవన నిర్మాణ స్మృతి చెబుతోంది. స్మృతిలోని సాధారణ నిర్మాణ నిబంధనలకు, కట్టడం పటుత్వానికి, అగ్నిభద్రతకు భంగం రాకూడదు, అంతే. అయితే అది నమూనా మాత్రమే. మీ ఊరి కార్యాలయం మాట కాగితం మీద ఉండాలి. నోటిమాట రేపు ఫిర్యాదు వచ్చిన రోజున అక్కరకు రాదు.

తెల్లకాగితంపై అర్జీ, ఇంటి పన్ను రసీదు, మంజూరైన ప్లాను నకలు, కంత కొలతలు, హద్దుకు ఉన్న దూరం చూపే గీత, గోడ ఫొటో. పట్టణంలో వార్డు సచివాలయంలోని ప్లానింగ్ కార్యదర్శికి, పల్లెలో పంచాయతీ కార్యదర్శికి ఇవ్వండి. అందినట్లు రసీదు అడగండి. గోడ స్లాబు బరువు మోస్తుంటే ఇంజినీరు సంతకం తప్పదు: కంతపై లింటెల్ (పైగోడ బరువు మోసే అడ్డదిమ్మె) ఉండాలి, అది రెండు పక్కలా కనీసం ఆరంగుళాలు గోడపై కూర్చోవాలి, బీము, పిల్లరు జోలికి పోకూడదు. అపార్ట్‌మెంటులో బయటి గోడ అందరిదీ కనుక సంఘం తీర్మానం కూడా జతచేయండి.

కంత పక్కవారి స్థలం వైపు తెరుచుకుంటే అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. దళారులు పక్కవారి సమ్మతి పత్రంగా 'మాకు అభ్యంతరం లేదు' అని ఒక్క వాక్యం రాసి, నోటరీ ముద్ర కొట్టించి డబ్బు తీసుకుంటారు. పక్కింటి పెద్దాయన దాన్ని వకీలుకు చూపించి, సంతకం చేయనంటాడు. ఆయన భయం ఉత్తది కాదు. 1882 నాటి ఈజ్‌మెంట్ (పక్కవారి స్థలం మీద మనకుండే అనుభవ హక్కు) చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ఒక కట్టడానికి గాలి, వెలుతురు హక్కుగా, శాంతియుతంగా, అడ్డులేకుండా 20 ఏళ్లు అనుభవంలో ఉంటే అది తిరుగులేని హక్కు అవుతుంది. అప్పుడు ఆయన మనవడు తన స్థలంలో మేడ కట్టుకోబోతే మీ కంత అడ్డొస్తుంది.

విరుగుడు కూడా అదే సెక్షన్‌లో ఉంది. ఒప్పందం మీద సాగిన అనుభవం, అది ఈజ్‌మెంట్‌గా ఇచ్చింది కాదని ఆ ఒప్పందంలోనే తేలితే, లెక్కలోకి రాదు. కాబట్టి పత్రంలో ఈ మాటలు పెట్టండి: 'ఈ కంత అనుమతి మేరకే ఉంటుంది, దీనివల్ల గాలి, వెలుతురుపై ఎలాంటి ఈజ్‌మెంట్ హక్కూ ఏర్పడదు, పక్క స్థలంలో కట్టడం వస్తే సొంత ఖర్చుతో మూసివేస్తాం.' ఇద్దరూ సంతకం చేయాలి. అద్దెకున్నవారి సంతకం చాలదు, యజమానిదే కావాలి. ఉమ్మడి ఆస్తి అయితే వాటాదారులందరివీ తీసుకోండి. ఒక్క అన్నదమ్ముడు హైదరాబాదులో ఉన్నా అర్జీ అక్కడే ఆగుతుంది. ఇలా రాసిన కాగితం చూపిస్తే మొదట కాదన్నవారు సైతం మెత్తబడడం మామూలే.

ఆ పత్రం ఉన్నంత మాత్రాన పొగ వారింట్లోకి వదలవచ్చని కాదు. బెడద ఉంటే వారు ఫిర్యాదు చేయవచ్చు. గొట్టం, రేకు మూత హద్దు దాటి వారి స్థలంపైకి పొడుచుకు రాకూడదు. ఎంతకీ ఒప్పుకోకపోతే గొడవ పడకండి. మీ స్థలం వైపు గోడకే కంత పెట్టించి, గొట్టాన్ని మీ మేడ మీదికి ఎక్కించండి. ఖర్చు కాస్త పెరుగుతుంది కానీ పక్కవారి సంతకంతో పని ఉండదు. మన జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాల వాన జోరు ఎక్కువ కనుక ఏ వైపు పెట్టినా మూత కిందికి వాలేలా, అక్టోబరు రాకముందే బిగించాలి.