ఆ ఒక్క లైనుకే: ఈఎస్‌లింట్ హెచ్చరికను ఆపే పద్ధతి

మా ఊరి గ్రంథాలయానికి సభ్యత్వ ఫారం జావాస్క్రిప్ట్‌లో నేనే రాశాను. పేరు తెలుగు అక్షరాల్లోనే ఉండాలన్నారు. అందుకని ఆ పెట్టెను తనిఖీ చేసే రెగెక్స్‌లో (ఏ అక్షరాలు రావచ్చో చెప్పే నమూనా) ఇలా రాసుకున్నాను:

[అ-హా-్ంః]

సేవ్ చేయగానే, కోడ్‌లో తప్పులు వెతికి చూపే ఈఎస్‌లింట్ దాని కింద ఎర్ర గీత గీసింది. రూల్ పేరు నో-మిస్‌లీడింగ్-క్యారెక్టర్-క్లాస్.

నేను రాసింది రెండు వరుసలు. అ నుంచి హ వరకు ఒకటి, దీర్ఘం నుంచి పొల్లు వరకు ఇంకొకటి. చివర్లో సున్నా, విసర్గ. మొదటి వరుస చివర ఉన్న హ, రెండో వరుస మొదట ఉన్న దీర్ఘం పక్కపక్కన పడి తెర మీద ‘హా’ అయిపోయాయి. మన కంటికి అది ఒకే అక్షరం, కంప్యూటర్‌కు రెండు. ‘హా అన్న ఒక్క అక్షరం అనుకుని రాశావేమో, ఇది రెండుగా విడిపోతుంది చూసుకో’ అని ఈఎస్‌లింట్ చెబుతోంది. మంచి మాటే. కానీ ఇక్కడ నాకు కావలసింది ఆ విడిపోవడమే.

హెచ్చరికను ఆపే ముందు కోడే మార్చి చూడటం నా అలవాటు. యూనికోడ్ ప్రాపర్టీ (అక్షరం ఏ లిపికి చెందిందో చెప్పే గుర్తు) వాడి ‘స్క్రిప్ట్ తెలుగు అయితే చాలు’ అని రాయవచ్చు, 2018 నుంచి జావాస్క్రిప్ట్‌లో ఆ వీలుంది. కానీ ౧, ౨ లాంటి తెలుగు అంకెలు కూడా అందులోకి వచ్చేస్తాయి, పేరులో అవి నాకొద్దు. గుణింతపు గుర్తుల్ని ముందుకు జరిపితే హెచ్చరిక పోతుంది. కాకపోతే అప్పుడు దీర్ఘం వెళ్లి బ్రాకెట్‌కు అతుక్కుంటుంది, రేపు చదివేవాళ్లకు తల తిరుగుతుంది. కాబట్టి ఇక్కడ ఆపడమే న్యాయం అనిపించింది. రెగెక్స్ ఉన్న లైనుకు సరిగ్గా పైన ఇది రాశాను:

// ఈఎస్‌లింట్-డిజేబుల్-నెక్స్ట్-లైన్ నో-మిస్‌లీడింగ్-క్యారెక్టర్-క్లాస్ -- గుణింతపు గుర్తులు విడిగానే కావాలి

ఆదేశాన్ని, రూల్ పేరును ఇక్కడ పలికినట్టు రాశాను. మీ ఫైల్‌లో వాటిని ఇంగ్లీషులో, స్మాల్ లెటర్స్‌తో, ఇవే హైఫన్లతో టైప్ చేయాలి. కారణం మాత్రం తెలుగులో ఉన్నా ఏ ఇబ్బందీ లేదు.

ఇందులో మూడు ముక్కలున్నాయి. మొదటిది కింది లైనును వదిలేయమనే ఆదేశం. రెండోది రూల్ పేరు. రెండు మూడు రూల్స్ ఉంటే మధ్యలో కామా పెట్టాలి. పేరు రాయకపోతే ఆ లైను మీద అన్ని రూల్సూ ఆగిపోతాయి, అలా ఎప్పుడూ చేయకండి. మూడోది కారణం, దాని ముందు ఖాళీ వదిలి రెండు హైఫన్లు. 2020లో వచ్చిన 7వ వెర్షన్ నుంచి ఇది పనిచేస్తోంది. ఆ రెండు హైఫన్లు మర్చిపోతే కారణం కూడా రూల్ పేరులో భాగం అనుకుంటుంది, హెచ్చరిక ఎక్కడికీ పోదు. ‘కామెంట్ పెట్టాను కదా, ఇంకా ఎందుకు వస్తోంది’ అని మా తమ్ముడు ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నాడు. తీరా చూస్తే ఇదే.

లైను చివర పెట్టాలనుకుంటే నెక్స్ట్-లైన్ బదులు డిజేబుల్-లైన్ అని రాయాలి. నేను పైన పెట్టడానికే ఓటు వేస్తాను. కోడ్‌ను తనంతట తానే చక్కగా పేర్చే ప్రెటియర్ లాంటి ఫార్మాటర్ పొడుగు లైనును విరగ్గొట్టిందంటే, చివర ఉన్న కామెంట్ ఒక లైనులో, తప్పు చూపించే చోటు ఇంకో లైనులో పడతాయి. నిన్నటిదాకా బాగున్నది ఇవాళ మళ్లీ అరుస్తుంది.

అసలు చిక్కంతా చోటు దగ్గరే వస్తుంది. ‘కింది లైను’ అంటే కింది స్టేట్‌మెంట్ మొత్తం కాదు, ఎడిటర్‌లో కనిపించే ఒకే ఒక్క లైను. వెబ్ పేజీలు కట్టే లైబ్రరీ అయిన రియాక్ట్‌లో యూజ్‌ఎఫెక్ట్ అనే ఫంక్షన్ రాసేవాళ్లు ఇక్కడే పొరబడతారు. ఎగ్జాస్టివ్-డెప్స్ అనే రూల్ హెచ్చరిక వచ్చిందని యూజ్‌ఎఫెక్ట్ అన్న మాట పైన కామెంట్ పెడతారు. ఆ రూల్ చూపించేది ఆఖర్న ఉన్న డిపెండెన్సీ జాబితాను, అంటే ఏ విలువలు మారితే అది మళ్లీ నడవాలో చెప్పే జాబితాను. కామెంట్ కూడా ఫంక్షన్ లోపల, ఆ జాబితా ఉన్న లైనుకు సరిగ్గా పైన ఉండాలి. ఎందుకు పనిచేయడం లేదో తెలియకపోతే ముందు మెసేజ్ పక్కనున్న లైను నంబర్ చూడండి, దాని పై లైనే మీ చోటు. జేఎస్‌ఎక్స్ ట్యాగ్‌ల (జావాస్క్రిప్ట్ కోడ్‌లోనే పేజీ ఎలా కనిపించాలో రాసేవి) మధ్య అయితే కామెంట్‌ను మీసాల బ్రాకెట్లలో, స్లాష్-స్టార్ (/* */) పద్ధతిలో రాయాలి. మామూలు రెండు స్లాష్‌లు పెడితే అది పేజీ మీద అక్షరాలుగా కనిపిస్తుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే, దెబ్బ తిన్నాను కాబట్టి. ఇదివరకు పనిచేసిన ఒక చోట, ఒక్క కన్సోల్-లాగ్ (విలువను చూసుకోవడానికి రాసే ఆదేశం) కింద పడిన గీత పోవడం కోసం ఫైల్ మొదట్లో మొత్తం ఈఎస్‌లింట్‌ను ఆపేసే కామెంట్ పెట్టాను. తర్వాత తీసేద్దాం అనుకున్నాను, తీయలేదు. మూడు వారాలకు అదే ఫైల్‌లో, ‘ఫీజు కట్టారా’ అని పోల్చే షరతులో మూడు ఈక్వల్స్ బదులు ఒక్కటే టైప్ చేశాను. పోల్చాల్సింది పోయి విలువ ఇచ్చేసింది. కట్టనివాళ్లందరికీ కట్టినట్టు రసీదులు వెళ్లాయి. నో-కాండ్-అసైన్ అనే రూల్ దీన్ని పట్టుకునేది, కానీ దాని నోరు నేనే కట్టేశాను. ఆ రాత్రి పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

అప్పటినుంచి ఒక్క లైనుకు మించి ఆపాల్సి వస్తే, స్లాష్-స్టార్ కామెంట్‌లో రూల్ పేరుతో డిజేబుల్ అని మొదలుపెట్టి, ఆ ముక్క అయిపోగానే అదే పేరుతో ఎనేబుల్ అని రాస్తాను. రెండూ ఒకేసారి టైప్ చేసి, కోడ్ తర్వాత మధ్యలో నింపుతాను.

ఇంకో పని. కోడ్ మారాక పాత కామెంట్లు అవసరం లేకుండా మిగిలిపోతాయి. 2024లో వచ్చిన 9వ వెర్షన్ వాటిని తనంతట తానే చూపిస్తుంది. పాత వెర్షన్ అయితే రిపోర్ట్-అన్‌యూజ్డ్-డిజేబుల్-డైరెక్టివ్స్ అనే ఆప్షన్ కమాండ్‌కు తగిలించండి. 8వ వెర్షన్ నుంచి, దాంతోపాటు ఫిక్స్ అనే ఆప్షన్ కూడా ఇస్తే పనికిరాని కామెంట్లను అదే చెరిపేస్తుంది. టీమ్‌లో పదిమంది ఉంటే, కారణం రాయని కామెంట్‌ను తప్పుగా చూపించే రిక్వైర్-డిస్క్రిప్షన్ అనే రూల్ ఈఎస్‌లింట్ కామెంట్స్ అనే, విడిగా తగిలించుకునే ప్లగిన్‌లో దొరుకుతుంది. నా ఒక్కదాని ప్రాజెక్టే అయినా గ్రంథాలయం ఫారంలో అది పెట్టుకున్నాను. ప్రస్తుతం అందులో ఆపిన లైను ఒక్కటే, ఆ ‘హా’ ఉన్నది.