మడమ నరం గురించి జనం ఏం వెతుకుతున్నారు: గూగుల్ ట్రెండ్స్‌లో చూసే పద్ధతి

నల్గొండ, పాలమూరు వైపు "నా టెండన్ దెబ్బతింది" అని ఎవరూ చెప్పరు. "మడిమ ఎనక నరం గుంజుతుంది" అంటరు. కండను ఎముకకు పట్టి ఉంచే తాడు టెండన్, నరం వేరు. కానీ మన మాటలో రెండూ నరమే, ఫోన్‌లో కొట్టేదీ అదే. ఫిజియోలైనా కోచ్‌లైనా ముందు పట్టుకోవాల్సింది ఈ తేడానే.

గూగుల్‌లో ఏ మాటను ఎంతగా వెతుకుతున్నారో గీతగా చూపేది గూగుల్ ట్రెండ్స్. అందులో "అకిలిస్ టెండన్" (పిక్కను మడమకు కలిపే తాడు) అని కొడితే సెర్చ్ టర్మ్ (కొట్టిన మాట మాత్రమే), టాపిక్ (ఆ విషయం మొత్తం) అని రెండు వస్తాయి. టాపిక్ తీసుకోండి, వేరే భాషల్లో వెతికినవి కూడా అందులో కలుస్తాయి. పక్కన "మడమ నొప్పి", "హీల్ పెయిన్" టర్మ్‌లుగా పెట్టండి. చాలామంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేస్తారు కాబట్టి "మడమ నొప్పి"ని అలా కూడా ఇంకోసారి చేర్చండి. ఒకేసారి ఐదు పోల్చవచ్చు. ఉత్త "నరం" మాత్రం పెట్టొద్దు, నరాల బలహీనత నుంచి సయాటికా (నడుము నుంచి కాల్లోకి గుంజే నరం నొప్పి) దాకా అన్నీ వచ్చి పడతాయి.

ప్రాంతం తెలంగాణ పెట్టండి. గీత సున్నాలతో నిండితే ఎవరూ వెతకలేదని అనుకోవద్దు, ట్రెండ్స్ చూపించేంత సంఖ్య లేదని అర్థం. కాలాన్ని ఐదేళ్లు దాటిస్తే లెక్క నెలవారీగా మారి గీత కాస్త నిలబడుతుంది. ఇక 100 అనే అంకె దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. మీరు ఎంచుకున్న కాలంలో, ప్రాంతంలో మొత్తం సెర్చుల్లో ఆ మాట వాటా అన్నిటికన్నా ఎక్కువున్న చోటు 100. అందుకే విడివిడిగా తీసిన రెండు గీతల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. 2011, 2016, 2022 జనవరిల్లో గూగుల్ లెక్కించే తీరు మార్చింది. అక్కడ గీత ఎగిరినా పడినా గాయాలతో ముడిపెట్టకండి.

శిఖరం కనిపిస్తే ముందు ఆ వారం వార్తలు చూడండి. 2024 ఫిబ్రవరిలో మహమ్మద్ షమీ మడమకు ఆపరేషన్ జరిగింది. అలాంటప్పుడు నొప్పి లేనివాళ్లూ వెతుకుతారు. పోలీసు ఈవెంట్స్‌కు పిల్లలు 1600 మీటర్లు ఉరికే నెలలను విడిగా తీసి, కింద "రిలేటెడ్ క్వెరీస్" (ఆ మాటతో పాటు జనం వెతికిన వేరే మాటలు) చదవండి. "ఎన్ని రోజుల్లో తగ్గుతుంది", "ఐస్ పెట్టాలా, కాపడం పెట్టాలా" లాంటి ప్రశ్నలుంటే అడిగేది నొప్పి ఉన్నవాళ్లే. మోకాలి మాటలను నల్గొండ లెక్కలో కలపకపోవడం మేలు. ఫ్లోరోసిస్‌తో కీళ్లు పట్టేసినవాళ్లు వెతికేదీ వాటినే.

దొరికిన మాటలతోనే సలహా రాయండి, అప్పుడే అది వెతికినవాళ్ల కంటపడుతుంది. "పిక్క కింద పట్‌మని సప్పుడైంది" అని వెతికేవాళ్లకు ముందు ఇది చెప్పాలి: మనిషిని బోర్లా పడుకోబెట్టి, పాదం మంచం అంచు దాటి వేలాడేలా ఉంచి, పిక్కను గట్టిగా పిసకాలి. రెండో కాలికీ అలాగే చేసి చూడాలి. మంచి కాలి పాదం కిందికి వంగి, దెబ్బతగిలింది కదలకపోతే తాడు తెగిందనే అనుకోవాలి. తోమించొద్దు, దాని మీద నడవనీయొద్దు, ఆ రోజే ఎముకల డాక్టరుకు చూపించాలి.